ఆదోని ఎంపీ, 368వ అధికరణ

1964 ఏప్రిల్ 28న లోక్‌సభలో ఒక రాజ్యాంగ సవరణ బిల్లు వీగిపోయింది. వద్దన్నవారు ఎక్కువై కాదు, కావాలన్నవారు సభకు రాక. రాజ్యాంగ సవరణకు 368వ అధికరణ రెండు లెక్కలు అడుగుతుంది. ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అంతటితో సరిపోదు, సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా అనుకూలంగా ఉండాలి. మొదటి లెక్క కాంగ్రెస్‌కు అప్పట్లో కష్టం కాలేదు. చిక్కంతా రెండోదానితోనే. డివిజన్ గంట మోగుతుంది, లాబీలు ఖాళీ చేయించి తలుపులు మూస్తారు, ఎవరి సీటు దగ్గర వారు మీట నొక్కుతారు, 1957 నుంచి వాడుకలో ఉన్న యంత్రం బోర్డు మీద అంకెలు చూపిస్తుంది. వద్దని మీట నొక్కినవాడూ, నియోజకవర్గంలో పెళ్ళికి వెళ్ళి సభకు రానివాడూ ఈ రెండో లెక్కకు ఒకటే. ఆ రోజు జరిగింది అదే. పదిహేడో సవరణ బిల్లును పరిశీలనకు తీసుకోవాలన్న తీర్మానమే నెగ్గలేదు.

అప్పుడు ఆ సభలో ఆదోని సభ్యుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య. 1957లో ఒకసారి, 1962లో మరోసారి కాంగ్రెస్ టికెట్టు మీద ఆదోని నుంచి గెలిచారు. 1921లో పుట్టిన ఆయనది అప్పటి కర్నూలు జిల్లాకు తూర్పు వైపున్న సంజామల. రాజ్యాంగ సవరణల చరిత్ర రాసేవారు నెహ్రూ, నాథ్ పాయ్, స్వరణ్ సింగ్ లాంటి పేర్లు ఏరుకుంటారు. వెనక బెంచీల్లో కూర్చుని మీట నొక్కిన వందల మంది వారి కంట పడరు. వెంకటసుబ్బయ్య కూడా చాలా ఏళ్ళు ఆ వందల మందిలో ఒకరే. ఆయన కథ ఇంకో దారి పట్టి, చివరికి తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం దాకా వెళ్ళింది కాబట్టి, ఆదోని నుంచి మొదలుపెట్టి చూడడం అవసరం.

వీగిపోయిన ఆ బిల్లు ఆదోని రైతుకు సంబంధించినదే. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లో ఆదోని ఒకటి. అంతకుముందు కొంతకాలం అది నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, ఊరూరా కొలతలు వేయించి, నేల తరగతులు కట్టించాడు. జమీందారు మధ్య లేకుండా రైతు పేరునే పట్టా, రైతు చేతి నుంచే శిస్తు అన్న పద్ధతి ఇక్కడ వేళ్ళూనింది అతని హయాంలోనే. తర్వాత మద్రాసు గవర్నరై పర్యటనకు వచ్చి 1827లో కలరాతో పోయింది కూడా ఆదోనికి దూరం కాని పత్తికొండలోనే. నల్లరేగడి చేల మీద పత్తి, జొన్న వేసుకునే ఈ తాలూకాల్లో రైతు తనను తాను భూస్వామిగా ఎన్నడూ అనుకోలేదు, పట్టాదారుగానే అనుకున్నాడు.

ఆ తేడానే 1961 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. జమీందారీల రద్దును కాపాడడానికి 1951లో మొదటి సవరణ 31ఎ అధికరణను చేర్చింది. ‘ఎస్టేటు’ను ప్రభుత్వం తీసుకుంటే ప్రాథమిక హక్కుల పేరుతో సవాలు చేయకూడదని దాని సారం. కేరళ భూసంస్కరణ చట్టం మీద కరింబిల్ కున్హికోమన్ వేసిన కేసులో రైత్వారీ భూమి ‘ఎస్టేటు’ కిందకు రాదని కోర్టు తేల్చింది. వివాదంలో ఉన్న భూములు కాసరగోడు ప్రాంతానివి, అంటే పాత మద్రాసు రాష్ట్రపు రైత్వారీవి. ఆదోని పట్టాకూ వాటికీ తల్లివేరు ఒకటే. అక్కడ చెల్లని భూ సీలింగు ఇక్కడ ఎలా చెల్లుతుంది అన్న ప్రశ్న ఢిల్లీలో న్యాయశాఖకు వెంటనే తగిలింది. ఎస్టేటు నిర్వచనంలోకి రైత్వారీ భూమిని కూడా లాగడం, తొమ్మిదో షెడ్యూల్లో మరో 44 చట్టాలు చేర్చి కోర్టులకు అందకుండా చేయడం, ఈ రెండు పనుల కోసం వచ్చిందే పదిహేడో సవరణ.

దాన్ని అందరికంటే గట్టిగా ఎదిరించినవాడూ తెలుగువాడే. స్వతంత్ర పార్టీ నాయకుడు ఎన్.జి. రంగా 1962లో తెనాలిలో ఓడిపోయి, చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి సభకు వచ్చారు. నలభై ఏళ్ళ రైతు ఉద్యమం వెనక ఉన్న మనిషి. జమీందారు మీద వాడిన కత్తిని చిన్న పట్టాదారు మీద ఎత్తుతున్నారని ఆయన వాదం. ఆయన భయాన్ని కాంగ్రెస్ కొట్టిపారేయలేకపోయింది. సొంత సేద్యంలో ఉండి సీలింగుకు లోబడిన భూమిని తీసుకోవలసివస్తే మార్కెట్ ధర చెల్లించాల్సిందేనన్న షరతు సవరణలో చేరింది. రాయలసీమలోనే, ఒక జిల్లా అవతల చిత్తూరు సభ్యుడు ఒక పక్క, ఆదోని సభ్యుడు రెండో పక్క కూర్చున్న ఈ చర్చ దత్తమండలాల భూమి చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం. మన జిల్లా చరిత్ర పుస్తకాల్లో దానికి చోటు దొరకకపోవడం విచిత్రం.

ఏప్రిల్‌లో వీగిన బిల్లును మే 27న తిరిగి తెచ్చారు. నెహ్రూ కన్నుమూసింది ఆ రోజే. వారం తిరగకుండానే, జూన్ 2న, ఈసారి సభ్యులను లెక్కకు సరిపడా పోగుచేసుకుని, లోక్‌సభ దాన్ని ఆమోదించింది. జూన్ 20న రాష్ట్రపతి సంతకమైంది. తొమ్మిదో షెడ్యూల్లో 21వ అంశంగా ఎక్కింది 1961 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కమతాల గరిష్ఠ పరిమితి చట్టం. అది చేసినప్పుడు ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య, కర్నూలు పక్కన పెదపాడు ఆయన ఊరు. నేల తరగతిని బట్టి ఆ చట్టం ఒక్కో కమతానికి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా అనుమతించింది. 324 ఎకరాలు! కోర్టు నుంచి కాపాడడానికి రాజ్యాంగాన్నే సవరించుకున్న చట్టం ఆదోని నల్లరేగడిలో ఎన్ని ఎకరాలు పంచి ఉంటుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. రంగా భయపడినంత నష్టమూ, కాంగ్రెస్ చెప్పుకున్నంత లాభమూ రెండూ జరగలేదని నా అంచనా. తక్కువ పరిమితులతో అసలు సీలింగు వచ్చింది 1973లో. మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. దాన్నీ మరుసటి ఏడాది 34వ సవరణతో అదే షెడ్యూలుకు ఎక్కించారు.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్ళాలి. ఆదోనికి 368వ అధికరణతో పరిచయం కాకముందే, రాజ్యాంగాన్ని మార్చే మరో దారితో పరిచయమైంది. ఆ దారి మరీ సులువు. 1953 దాకా ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరు, పక్కనున్న ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతున్నప్పుడు బళ్ళారి జిల్లాను భాషను బట్టి విడదీశారు. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాకూ, రాయదుర్గం అనంతపురానికీ వచ్చాయి. తగువంతా బళ్ళారి తాలూకా మీదనే. జస్టిస్ మిశ్రా నివేదిక తర్వాత అది మైసూరుకు పోయింది. తుంగభద్ర నీళ్ళు రెండు రాష్ట్రాల మధ్య చిక్కుబడకుండా 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టంలోని 66వ సెక్షన్ కింద తుంగభద్ర బోర్డు పుట్టింది. ఈ తాలూకాల చేలకు వచ్చే దిగువ కాలువ నీళ్ళ పంపకం ఈనాటికీ ఆ బోర్డు చేతిలోనే ఉంది. ఇంత మార్పుకూ పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలింది. 3వ అధికరణ కింద రాష్ట్రాల హద్దులు మార్చే చట్టం రాజ్యాంగపు షెడ్యూళ్ళను తిరగరాసినా సరే, దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కపెట్టకూడదని 4వ అధికరణ ముందే చెప్పింది. ఒక పట్టా మీద సీలింగు వేయడానికి రెండు లెక్కలూ కావలసివచ్చాయి. ఒక ఊరిని జిల్లా, రాష్ట్రం మార్చి కూర్చోబెట్టడానికి ఆ పూట సభకు వచ్చినవారిలో సగం మందికి ఒక్కరు ఎక్కువైతే చాలు. ఈ తేడాను రాజ్యాంగ నిర్మాతలు కావాలనే పెట్టారు. దాని బరువు మాత్రం ఆదోని లాంటి సరిహద్దు ఊళ్ళకే తెలుస్తుంది.

1967లో రెండు సంగతులు పక్కపక్కన జరిగాయి. ఫిబ్రవరిలో నాలుగో లోక్‌సభకు ఎన్నికలు. ఆ నెల 27న గోలక్‌నాథ్ తీర్పు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు న్యాయమూర్తులు, ఉందని అయిదుగురు చెప్పారు. మెజారిటీ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాజమండ్రివారు. కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. పదిహేడో సవరణను కొట్టేయకుండా వదిలి, ఇక ముందు ఇలాంటివి చెల్లవని ఆయన గీత గీశారు. ఏప్రిల్‌లో పదవి వదిలి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. తీర్పు మీద గౌరవం ఉన్నవారికి కూడా ఆ తొందర నచ్చలేదు.

ఆ ఎన్నికల నాటికి నియోజకవర్గాల పునర్విభజనలో ఆదోని లోక్‌సభ స్థానం మాయమైంది. వెంకటసుబ్బయ్య తన సొంత ప్రాంతమైన నంద్యాలకు మారి గెలిచారు. కర్నూలు స్థానం నుంచి స్వతంత్ర పార్టీ అభ్యర్థిగా వై. గాదిలింగన గౌడ్ నెగ్గారు. ఆయన మొదటి లోక్‌సభలోనూ కర్నూలు సభ్యుడు. గాదిలింగ అన్న పేరు ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల్లో వీధికొకటి వినిపిస్తుంది. పదిహేడో సవరణను వ్యతిరేకించిన పార్టీ మూడేళ్ళు తిరగకుండా ఈ జిల్లాలో ఒక సీటు గెలుచుకోవడాన్ని ఆ చర్చకు ప్రజలు ఇచ్చిన తీర్పు అంటే అతిశయోక్తి అవుతుంది. ఆ ఏడాది దేశమంతటా కాంగ్రెస్ గాలి మందగించింది. అయినా ఒక జిల్లా నుంచి వెళ్ళిన ఇద్దరు సభ్యులు రాజ్యాంగ సవరణ అధికారం మీద రెండు ఎదురు పార్టీల్లో కూర్చున్న రోజులవి. గోలక్‌నాథ్‌ను తిప్పికొట్టి పార్లమెంటు అధికారాన్ని తిరిగి చాటాలని సోషలిస్టు నాథ్ పాయ్ తెచ్చిన ప్రైవేటు బిల్లు ఆ సభలో ఏళ్ళ తరబడి నలిగింది. స్వతంత్ర పార్టీ దానికి అడ్డు నిలిచింది. బిల్లు నెగ్గకుండానే 1971 జనవరిలో నాథ్ పాయ్ కన్నుమూశారు.

సంస్థానాధీశుల రాజభరణాల సంగతి క్లుప్తంగా. బనగానపల్లె నవాబు సంస్థానం 1948లో ఈ జిల్లాలో కలిసింది, సంజామలకు అది పొరుగే. రాజభరణాలు రద్దుచేసే బిల్లు 1970 సెప్టెంబరులో లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభలో 149కి 75 ఓట్లతో, అంటే ఒక ఓటులో కొంత భాగం తక్కువై వీగిపోయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఇందిరాగాంధీ భారీగా గెలిచి వచ్చాక ఆ పని 26వ సవరణతో ముగిసింది. అంతకు ముందే, 1971 ఆగస్టు 4న, 24వ సవరణను లోక్‌సభ 384కి 23 ఓట్లతో ఆమోదించింది. రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా పార్లమెంటు మార్చవచ్చని అది చెప్పింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పులో సుప్రీంకోర్టు ఒక్క న్యాయమూర్తి తేడాతో, 7-6గా, దానికి కళ్ళెం వేసింది. సవరించవచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. ఈ పరిమితి కాంగ్రెస్‌కు మింగుడు పడలేదు. సీనియారిటీలో ముందున్న ముగ్గురు న్యాయమూర్తులను దాటి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించడంతో ఆ కోపం బయటపడింది.

అదే ఏడాది తెలుగువారి సొంత సవరణ ఒకటి పార్లమెంటు ముందుకు వచ్చింది. 1972 అక్టోబరులో తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పడంతో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్ని అమలు చేయడానికి 32వ సవరణ 371డి, 371ఇ అధికరణలను చేర్చింది. 371ఇ వల్ల హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 371డి వల్ల 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు కలిపి నాలుగో జోన్ అయ్యాయి. గుమాస్తా స్థాయి ఉద్యోగాల్లో 80 శాతం జిల్లావారికే, ఆ పై నాన్‌గెజిటెడ్ కొలువుల్లో 70 శాతం జోన్‌వారికి. ఎమ్మిగనూరులో డిగ్రీ చదివి గ్రూప్ పరీక్షలకు కూర్చున్నవాడికి రాజ్యాంగంలో బాగా తెలిసిన అధికరణ ఏదని అడిగితే 14 అనో 19 అనో చెప్పడు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివావో రుజువు చేసే స్టడీ సర్టిఫికెట్ల కట్ట తీసి చూపిస్తాడు. వాడికి 371డి అంటే అదే. హెడ్‌మాస్టర్ సంతకం, గుండ్రటి రబ్బరు ముద్ర, చెరిగిపోయిన అడ్మిషన్ నంబరు.

రాజ్యాంగ సవరణ ఇంత దగ్గరగా జనం చేతికి తగిలిన సందర్భం మన రాష్ట్రంలో మరొకటి లేదు. అయినా ఆ సవరణలోనూ ఒక లోపం దూర్చారు. పరిపాలనా ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేయవచ్చన్న క్లాజు అది. తన మీద వచ్చిన తీర్పును తానే కొట్టేసుకునే అధికారం మౌలిక స్వరూపానికి విరుద్ధమని సంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజును తీసేసింది. కేశవానంద గీసిన గీత తెలుగు రాష్ట్రపు సవరణను కూడా తాకింది. ఇంకో విశేషం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు 371డిని తెలంగాణకు కూడా వర్తించేలా మార్చింది 368 కింద కాదు, పునర్విభజన చట్టంలోని 97వ సెక్షన్ ద్వారా. 1953లో ఆదోని వచ్చిన దారినే.

అత్యవసర పరిస్థితి సవరణల్లో రెండు ఈ కథకు అవసరం. ఒకటి అందరికీ తెలిసిన 42వది. 1976 నవంబరు 2న లోక్‌సభలో అనుకూలం 366, వ్యతిరేకం 4. ప్రతిపక్ష నాయకుల్లో చాలామంది జైల్లో ఉన్నారు, బయట ఉన్నవారిలో చాలామంది చర్చను బహిష్కరించారు. సవరణలను ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని అది రాసుకుంది. రెండోది జనానికి గుర్తులేని 38వది, 1975 ఆగస్టు 1 నాటిది. 356వ అధికరణ కింద రాష్ట్రపతి పాలన విధించేటప్పుడు రాష్ట్రపతి సంతృప్తి తుది మాట అనీ, ఏ న్యాయస్థానమూ దాన్ని తడమరాదనీ ఒక కొత్త క్లాజు, అయిదోది, చేర్చింది. వెంకటసుబ్బయ్య ఆ రెండు చర్చల కాలంలోనూ పాలకపక్షపు నంద్యాల సభ్యుడు.

1977 మార్చిలో దేశం తిరగబడినా ఆంధ్రప్రదేశ్ తిరగబడలేదు. 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. పోయిన ఆ ఒక్కటీ నంద్యాల. వెంకటసుబ్బయ్యను ఓడించినవారు జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయన లోక్‌సభ స్పీకరై, జూలైలో రాష్ట్రపతి అయ్యారు. ఖాళీ అయిన నంద్యాలకు ఉప ఎన్నిక జరిగి వెంకటసుబ్బయ్య తిరిగి సభకు వచ్చారు, ఈసారి ప్రతిపక్ష బెంచీలోకి. ఆ సభే 1978లో 44వ సవరణను చర్చించి ఆమోదించింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసి 300ఎ అధికరణకు మార్చారు. పదిహేడో సవరణ నాడు రంగా కాపాడాలని తపించిన హక్కును ఇందిరను ఓడించి వచ్చినవారే పక్కన పెట్టారు. రాజ్యసభలో ఇంకా కాంగ్రెస్‌దే బలం కాబట్టి రెఫరెండం లాంటి కొన్ని క్లాజులు అక్కడ ఎగిరిపోయాయి. 38వ సవరణ 356కు తగిలించిన అయిదో క్లాజును తీసేయడం మాత్రం నిలిచింది. రాష్ట్రపతి సంతృప్తిని కోర్టు మళ్ళీ చూడవచ్చు. 1979 ఏప్రిల్ 30న ఆ సవరణకు ఆమోదముద్ర వేసిన రాష్ట్రపతి సంజీవరెడ్డి.

1980లో కాంగ్రెస్ తిరిగి వచ్చాక వెంకటసుబ్బయ్య హోంశాఖ సహాయమంత్రి అయ్యారు. పార్లమెంటరీ వ్యవహారాలూ చూశారు. రాష్ట్రాల్లో రాష్ట్రపతి పాలన ఫైళ్ళు నడిచే శాఖ అది. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద జస్టిస్ సర్కారియా కమిషన్‌ను 1983 జూన్‌లో నియమించిందీ ఆ శాఖే. 1984 డిసెంబరులో నంద్యాలను తెలుగుదేశం గెలుచుకుంది. ఆ తర్వాతి ఏడాది ఆయన బీహార్ గవర్నరుగా వెళ్ళారు. అక్కడ ఉండగా 1986 డిసెంబరులో వాధ్వా కేసు తీర్పు వచ్చింది. బీహార్‌లో శాసనసభ ముఖం చూపించకుండా ఆర్డినెన్సులను ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ జారీచేయడం రాజ్యాంగం మీద మోసమని సుప్రీంకోర్టు అంది. ఆ అలవాటు ఆయన రాకముందు నుంచీ ఉన్నదే. ఆ నిందను ఆయన మీద వేయడం న్యాయం కాదు.

1988 ఫిబ్రవరిలో కర్ణాటక గవర్నరయ్యారు. ఆగస్టులో రామకృష్ణ హెగ్డే రాజీనామా చేయగా ఎస్.ఆర్. బొమ్మై ముఖ్యమంత్రి అయ్యారు. 1989 ఏప్రిల్ 15న బొమ్మై మరో 13 మందిని మంత్రివర్గంలోకి తీసుకున్నారు. పదవి దక్కనివారి అసంతృప్తి అక్కడ రాజుకుంది. రెండు రోజులకు మొలకేరి అనే పాలకపక్ష శాసనసభ్యుడు రాజ్‌భవన్‌కు వచ్చి మద్దతు ఉపసంహరించుకుంటున్నానని ఉత్తరం ఇచ్చారు. మరునాడు 19 మంది సభ్యుల పేరుతో 19 ఉత్తరాలు చేరాయి. 19వ తేదీన గవర్నరు రాష్ట్రపతికి నివేదిక రాశారు. బొమ్మై మెజారిటీ కోల్పోయారు, మరొకరు ప్రభుత్వం ఏర్పాటు చేసే స్థితిలో లేరు, 356 ప్రయోగించండి అని. 20వ తేదీన ఆ 19 మందిలో ఏడుగురు మాట మార్చారు. తమ సంతకాలు మభ్యపెట్టి తీసుకున్నారనీ, తమ మద్దతు బొమ్మైకేననీ రాసిచ్చారు. అదే రోజు బొమ్మై, న్యాయమంత్రి రాజ్‌భవన్‌కు వెళ్ళి, శాసనసభను ముందుకు జరిపి పిలుస్తాం, బలం అక్కడ చూడండి అని అడిగారు. గవర్నరు ఒప్పుకోలేదు. బేరసారాలు మొదలయ్యాయంటూ రెండో నివేదిక పంపారు. 21న రాష్ట్రపతి ప్రకటన వెలువడింది, శాసనసభ రద్దయింది.

ఉత్తరాలు అసలైనవా, బలవంతపువా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతకాలన్నదే ప్రశ్న. అయిదేళ్ళ కిందటే, 1984 ఆగస్టులో, హైదరాబాద్‌లో గవర్నరు రామ్‌లాల్ ఎన్.టి. రామారావు విషయంలో తలల లెక్క రాజ్‌భవన్‌లో కట్టి, ఆయన్ని ముఖ్యమంత్రి పదవి నుంచి దించి ఏమి కొనితెచ్చుకున్నారో దేశమంతా చూసింది. ఒకరి మెజారిటీని గవర్నరు సభ బయట తేల్చబోకూడదని సర్కారియా కమిషన్ నివేదిక రాసింది. వెంకటసుబ్బయ్య కర్ణాటకకు వెళ్ళేనాటికే అది కేంద్రం చేతికి చేరింది. వీటన్నిటికంటే దగ్గరి ఉదాహరణ ఆయన సొంత జిల్లాలోనే ఉంది. 1954 నవంబరులో, గుడారాల రాజధాని అని పేరుపడ్డ కర్నూలులో, ఆంధ్ర శాసనసభలో మద్యనిషేధం మీద చర్చ సాగి ప్రకాశం పంతులు మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఓటు సభలో పడింది, అందరూ చూశారు. ఆ తర్వాత రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955లో ఎన్నికలు వచ్చాయి. అక్కడ పాటించిన వరుస బెంగళూరులో తలకిందులైంది. దాదాపు మూడు దశాబ్దాలు డివిజన్ గంట విన్న పార్లమెంటేరియన్‌కు ఈ తేడా తెలియదని అనుకోలేం. తెలిసీ కేంద్రం వైపు మొగ్గారన్నదే నాకు తోచేది. ఆ కాలపు గవర్నర్లలో ఎక్కువమంది చేసిందీ అదే.

కర్ణాటక హైకోర్టు బొమ్మై పిటిషన్‌ను కొట్టేసింది. 1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని తిరగేసింది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు, బి.పి. జీవన్ రెడ్డి, కె. రామస్వామి, తెలుగువారు. తీర్పుకు రెండు కాళ్ళు. రెండూ వెంకటసుబ్బయ్య సభ్యుడిగా ఉన్న సభలు చేసిన సవరణలతో ముడిపడినవే. మొదటిది 44వ సవరణ. రాష్ట్రపతి సంతృప్తికి 1975లో కట్టిన కంచెను 1978లో తీసేశారు కాబట్టి, 356 ప్రకటనకు ఆధారమేమిటో కోర్టు చూడవచ్చు. రెండోది కేశవానంద. పార్లమెంటు సవరణకే హద్దుగా నిలిచిన మౌలిక స్వరూపం, సమాఖ్య తత్వం, లౌకికత్వం, గవర్నరు నివేదికకూ కేంద్రం నిర్ణయానికీ కూడా కొలబద్ద అయ్యాయి. సవరణాధికారానికి పరిమితి ఉండకూడదని 1971లో ఓటేసిన పార్టీకి చెందిన సభ్యుడి సంతకం ఉన్న నివేదికను ఆ పరిమితి పక్కన పెట్టి తూచారు. శాసనసభలో బలపరీక్షకు అవకాశమివ్వకుండా పంపిన నివేదిక మీద చేసిన కర్ణాటక ప్రకటన రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. బొమ్మైకి ఒరిగింది ఏమీ లేదు. 1989 నవంబరులోనే అక్కడ ఎన్నికలు జరిగి కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది.

హైదరాబాద్ చిక్కడపల్లిలో పెండేకంటి పేరుతో ఒక లా కాలేజీ ఉంది. దేశంలోని ఏ లా కాలేజీలోనైనా బొమ్మై కేసు రాజ్యాంగ శాస్త్రం పేపర్లో తప్పనిసరి. అక్కడ కూడా అంతే. ఆయన్ని ఆ ఒక్క నివేదికతోనే కొలవడం మాత్రం అన్యాయమని నేననుకుంటాను. ఆదోని, నంద్యాల సీట్ల నుంచి పార్లమెంటులో గడిపిన ఏళ్ళు, రైత్వారీ పట్టా నుంచి స్టడీ సర్టిఫికెట్ దాకా ఈ తాలూకాల బతుకును తాకిన సవరణల కాలం, ఒక పక్క ఉన్నాయి. బెంగళూరు రాజ్‌భవన్‌లో మూడు రోజులు ఇంకో పక్క ఉన్నాయి. న్యాయశాస్త్రం ఆ మూడు రోజులనే గుర్తుపెట్టుకుంది.

బొమ్మై తీర్పు తర్వాత కేంద్ర ప్రభుత్వాలకు చేతులు కట్టేసినట్టయింది. 1999 ఫిబ్రవరిలో బీహార్‌లో రబ్రీదేవి ప్రభుత్వాన్ని తీసేసిన వాజపేయి మంత్రివర్గం, రాజ్యసభలో ఆ ప్రకటన నెగ్గదని తెలిసి, మార్చిలో దాన్ని వెనక్కి తీసుకుంది. 2018 మేలో బెంగళూరులోనే, బి.ఎస్. యడియూరప్పకు బలం నిరూపించుకోవడానికి గవర్నరు 15 రోజుల గడువిస్తే, సుప్రీంకోర్టు దాన్ని కుదించి మే 19 సాయంత్రం 4 గంటలకు శాసనసభలో బలపరీక్ష జరపమంది. ఓటింగ్ దాకా రాకముందే యడియూరప్ప సభలో నిలబడి రాజీనామా ప్రకటించారు.